అడుగుమన్ను

గంప ఎత్తి చూడొద్దని రామచంద్రయ్య పటేలు గుర్వమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"ఆలేరు నుంచి పోలీసులు వచ్చేదాక ఈడికెల్లి కదలద్దు. కుక్క రావద్దు, కోడి రావద్దు, గొడ్డు రావద్దు. నువ్వు గూడ ఎత్తి సూడద్దు. సమజైందా?"

"సమజైంది పటేలా. నేనెందుకు ఎత్తుత? అండ్ల గుడ్లున్నయా, పిల్లలున్నయా?"

చుట్టూ నిలబడ్డవాళ్లలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. అంతలోనే పక్క బీడులో గొంగడి కప్పి ఉన్న మనిషి గుర్తొచ్చి నోళ్లు మూసుకున్నారు.

ఆ గొంగడి కింద ఉన్నది భిక్షపతి. దుర్గయ్య గొర్రెల మందకు రాత్రిళ్లు కావలి పడుకునే ముసలివాడు. పొద్దున మంద విప్పడానికి దుర్గయ్య వచ్చి చూస్తే ముళ్లకంచె ఒక పక్క తెరిచి ఉంది. గొర్రెలు చెల్లాచెదురై ఉన్నాయి. ముసలివాడు బోర్లా పడి ఉన్నాడు. తల వెనక నెత్తురు గడ్డకట్టింది, పక్కనే నెత్తురంటిన రాయి, ఒక గొంగడి. ఆ గొంగడే మీద కప్పారు. మందలో మంచి పొట్టేళ్లు కనబడలేదు.

బెదిరిన గొర్రెలు బీడంతా తొక్కేశాయి. వచ్చినవాడి అడుగులు వాటి గిట్టల కింద కలిసిపోయాయి. అయితే బీటికీ ఆముదం చేనుకూ నడుమ మోటబావి కాలువ ఉంది. ఆ కాలువ గట్టున తడి మట్టిలో మాత్రం ఒక్క అడుగు పడి ఉంది. పటేలు తన మసక కళ్లతో దాన్ని చూసీ చూడంగానే "ఎవ్వరు దగ్గరికి రావద్దు" అని కేకేసి, గంప తెప్పించి బోర్లించి, దానిమీద రాయి పెట్టాడు. ఆ ఊళ్లల్లో అది పాత పద్ధతి. నైజాం నాడూ అంతే, నైజాం పోయినాకా అంతే. దొంగతనం జరిగినా ఖూనీ జరిగినా అడుగు మీద గంప, గంప మీద రాయి, రాయి పక్కన మనిషి. ఆ మనిషి ఇటువాళ్లకూ అటువాళ్లకూ దగ్గరి చుట్టం కాకూడదు, ఎవరితోనూ పగ ఉండకూడదు, నడుమ లేచిపోయేంత పని ఉండకూడదు.

పటేలు చూపు గుంపు మీద తిరిగింది. ఒకామె చంకలో చంటిపిల్ల ఉంది. ఒకామె ఇంట్లో బర్రె ఈనింది. ఒకాయనది మోట కట్టే వంతు. చూపు చివరికి గుర్వమ్మ దగ్గర ఆగింది.

"నువ్వు కూసో గుర్వమ్మా. నీకైతే ఇంటికాడ ఎదురుసూసేటోళ్లు లేరు గద."

ఆయన చెడు మనసుతో అన్న మాట కాదు. గుర్వమ్మ కూడా తప్పు పట్టలేదు. ఇంటికి పోయి ఉన్ని బుట్ట, కదురు తెచ్చుకుని గంప పక్కన బండమీద కూర్చుంది. ఆ ఇంట్లో ఎదురుచూసే మనిషి ఎప్పుడూ ఒకరుండేవారు. అది తనే. కానీ ఆ మాట పటేలుతో అనేది కాదు.

జనం ఒక్కొక్కరే ఊళ్లోకి పోయారు. భిక్షపతి శవం దగ్గర ఊరి కావలివాడు మస్కూరి జానయ్య కట్టె పట్టుకుని కూర్చున్నాడు. అతను కంచెకు అవతల. కాలువ దగ్గర గుర్వమ్మ ఒక్కతే.

ఆమె భర్త బీరన్న మంద వెంట పోయి పదేళ్లు దాటింది. అది రజాకార్ల గలాట నాటి మాట. ఆ ఏడు వానలు సరిగా లేవు, బీళ్లల్లో గరిక లేదు. గొర్రెల్ని బతికించుకోవాలని మగవాళ్లు నలుగురు కలిసి మందలు తోలుకుని కృష్ణ ఒడ్డు దిక్కు పోయారు. కొన్నాళ్లకు మంద తిరిగి వచ్చింది, బీరన్న రాలేదు. "దోవల దండు ఎదురైంది వదినా. మేమొక దిక్కు ఉరికినం, అన్న ఒక దిక్కు ఉరికిండు. మళ్ల కలువలే" అన్నారు వెంట పోయినవాళ్లు. దండువాళ్లు పట్టుకుపోయారని ఒకరు, కాజీపేట స్టేషన్లో బొంబాయి రైలెక్కుతుంటే చూశానని ఒకరు. పోలీసు చర్య అయింది, నైజాం పోయాడు, ఓట్లు వచ్చాయి. బీరన్న మాత్రం చచ్చాడనీ ఎవరూ చెప్పలేదు, బతికున్నాడనీ ఎవరూ చెప్పలేదు. గుర్వమ్మను బొట్టు తుడవమని ఎవరూ అనలేదు, పెట్టుకోమనీ అనలేదు. పేరంటంలో పసుపు పళ్లెం ఆమె ముందుకు వచ్చేసరికి పట్టుకున్న చెయ్యి కొంచెం తటపటాయించేది. అందుకని ఆమె పేరంటాలకు పోవడమే మానుకుంది.

వాళ్ల ఇళ్లల్లో ఒక ఆనవాయితీ ఉంది. మగవాడు మంద వెంట దూరం పోతుంటే, గడప దిగి వేసిన ఎడమ అడుగులోంచి మన్ను తీసి, పసుపు బట్టలో మూటగట్టి ఇంటి నడిమి స్తంభానికి, నిట్టాడికి కడతారు. ఆ అడుగుమన్ను ఇంట్లో ఉన్నంతకాలం ఆ కాలు ఎక్కడ తిరిగినా ఇంటి దోవ మరవదని నమ్మకం. బీరన్న పోయిన పొద్దున గుర్వమ్మ పసుపు బట్ట ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఇల్లంతా వెతికింది. అది దొరికి బయటికి వచ్చేసరికి మంద మొత్తం బీరన్న వెనకాలే నడిచిపోయింది. గడప ముందు నుంచి పొలిమేర దాకా గొర్రె గిట్టలే. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

"బట్ట యాడ పెట్టినవో యాదికి లేకపాయె, మొగడు యాడ పోయిండో తెల్వకపాయె" అని అత్త సత్తమ్మ బతికినన్నాళ్లూ దెప్పింది. పోతూ పోతూ మంచంలో నుంచి కూడా ఆ మాటే అని పోయింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. సోమమ్మ చేను నుంచి ఇంటికి పోతూ ఆగింది. గుర్వమ్మ ఇంటి పక్క ఇల్లు ఆమెది.

"ఏం వదినా, గంప కింద దొంగను పెట్టుకొని కూసున్నవా?"

"దొంగ కాదే, దొంగ కాలు."

"కాలు ఈడ ఇడిసిపెట్టి దొంగ యాడికి ఉరికిండు?" అని నవ్వి, సోమమ్మ కొంగులోంచి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తీసి ఇచ్చింది. "తిను. మొకం సూడు, ఎట్ల పీక్కపోయిందో. నేను పోవాలె. బువ్వకు జర ఆలస్యమైతె మా ఆయన ఇల్లు పీకి పందిరేస్తడు."

"పో పో. లొల్లి చేసేటోడు ఉండంగనే పో."

సోమమ్మ గబగబా ఊరి దోవ పట్టింది. గుర్వమ్మ రొట్టె సగం తిని సగం కొంగున ముడేసుకుంది. ఉన్ని వడికింది. దారం తెగింది, మళ్లీ అతికింది. ఆమెది మొదటి నుంచీ నిలకడ లేని ప్రాణం. పొయ్యి ఆర్పి బయటికి వచ్చినా నడిదోవ నుంచి వెనక్కి పోయి చూసి వచ్చే రకం. గంప చుట్టూ చీమలు బారులు తీరితే పుల్లతో పక్కకు తోసింది. గంప అంచు గట్టిగా ఆనిందో లేదో అని చేత్తో తడిమింది. పడమట మబ్బు పట్టింది. చినుకు ఒకటి ఆమె ముంజేతి మీద పడింది, ఇంకొకటి గంప మీద పడింది.

గంపకు సందులుంటాయి. నీళ్లు దిగితే అడుగు చెడిపోదా? చెడిపోతే పటేలు ఏమంటాడు? ఒక్క గంప కావలి కాయలేకపోయిందని ఊరంతా అనదా? ఎండకు తలమీద వేసుకున్న గొంగడి తీసి గంప మీద కప్పింది. నాలుగు చినుకులు రాలి వాన ఆగిపోయింది. అయినా ఆమె మనసు ఆగలేదు. లోపలికి నీళ్లు దిగాయో లేదో చూడకపోతే ఊపిరాడేటట్టు లేదు. జానయ్య వైపు చూసింది. అతను కునికిపాట్లు పడుతున్నాడు. గొంగడి లాగి, రాయి తీసి, గంప ఒక పక్క ఎత్తింది.

నీళ్లు దిగలేదు. అడుగు చెక్కినట్టు ఉంది. ఎడమకాలు. మడమ లోతుగా దిగింది. బొటనవేలు ఉంది. దాని పక్క వేలు లేదు. అక్కడ మట్టి నున్నగా, ఎత్తుగా ఉంది. ఆ తర్వాత మూడు వేళ్లు.

గుర్వమ్మ ఇంకా కిందికి వంగి చూసింది.

బీరన్న ఎడమకాలికి బొటనవేలి పక్క వేలు లేదు. కొత్తగా కాపురం పెట్టిన ఏడు మందకు తుమ్మకంప కొడుతుంటే గొడ్డలి జారింది. ఆ పుండు మానేదాకా ఆ కాలు గుర్వమ్మ ఒళ్లోనే ఉంది. పసుపు పెట్టింది, బట్ట కాల్చిన మసి అద్దింది, ఈగలు వాలకుండా విసిరింది. ఆ కాలిలో ప్రతి గీతా ఆమెకు తెలుసు.

బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు, ఇక్కడికి వచ్చాడు, ఊరి అంచు దాకా వచ్చి ఇంటికి రాకుండా పోయాడు. ముసలివాణ్ణి చంపి పొట్టేళ్లు తోలుకుపోయాడా? ఆయన అట్లాంటివాడా? పదేళ్లు ఎక్కడ తిన్నాడో ఎక్కడ పడుకున్నాడో, మనిషి ఎట్లా అయ్యాడో ఎవరికి తెలుసు?

ఇదంతా ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యి దానంతట అదే పోయింది. ఎడమ అడుగు కంటి ముందుంది. మన్ను తడిగా, తీయడానికి వీలుగా ఉంది. ఒక చిటికెడు చాలునని అత్త చెప్పేది. గుర్వమ్మ మడమ దగ్గర ఒక చిటికెడు తీసింది. అది సరిపోదేమో అనిపించింది. నడిపాదం తీసింది. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఏం మిగిలిందని, అదీ తీసింది. కొంగులో రొట్టె విప్పి పడేసి ఆ మన్ను ముడేసుకుంది. గంప బోర్లించి, రాయి పెట్టి, బండమీద కూర్చుని కదురు చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత ఒక్క మూర దారం కూడా వడకలేదు.

పొద్దు వాలేసరికి ఆలేరు నుంచి పోలీసు జమేదారు సైకిలు మీద వచ్చాడు. వెనక ఎడ్లబండిలో అనంతయ్య అనే కొత్త పోలీసు ఒక రేకు పెట్టె పట్టుకుని దిగాడు. ఊరు మళ్లీ పోగైంది. ముందు శవం దగ్గర పంచనామా జరిగింది. అనంతయ్య రాయిని ముట్టుకోకుండా బట్టలో చుట్టాడు. నెత్తుటి మన్ను చాకుతో గీకి పొట్లం కట్టాడు. పొట్లం మీద పెద్దమనుషుల వేలిముద్రలు వేయించి లక్క కరిగించి సీలు వేశాడు. శవం మీది గొంగడి ఎత్తి చూపించాడు.

"గీ గొంగడి ఎవనిది?" అన్నాడు జమేదారు.

"సైదులుది సారూ" అన్నాడు దుర్గయ్య. "అంచుకు ఎర్రదారం సూడుండ్రి. నా దగ్గర జీతం ఉండె. మొన్ననే భిక్షపతితోని లొల్లి పెట్టుకొని మానేసిండు."

సైదులు గుంపులోంచి ముందుకు వచ్చాడు. ఇరవై దాటిన పిల్లవాడు. "నాదే సారూ. తాత సలితోని వణుకుతుండె. గందుకని మాపటేళ ఇచ్చి పోయిన. లొల్లి అయింది నిజమే, గని తాత కూత కూస్తడు, నేను కూత కూస్త, మళ్ల ఒకే చుట్ట తాగుతం. గంతే."

"ఇచ్చినవని ఎవడు సూసిండు?"

"నేను సూసిన సారూ" అంది అతని భార్య అండాలు. చంకలో పిల్ల ఉంది.

"పెండ్లాం చూడక ఇంకెవరు చూస్తరు" అని జమేదారు కాలువ వైపు నడిచాడు. "అడుగు చూపియ్యి పటేల్. అది చెప్తది ఎవనిదో."

పటేలు తనే వంగి రాయి తీశాడు. గంప ఎత్తాడు. కింద ఒక గుంట ఉంది. అడుగు లేదు.

జమేదారు పటేలును తిట్టిన తిట్లు ఊరు చాలా రోజులు చెప్పుకుంది. పటేలు తల దించుకుని "గుర్వమ్మా, ఏమైందమ్మా?" అన్నాడు.

"వాన" అంది గుర్వమ్మ.

అనంతయ్య గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. తల ఎత్తి గుర్వమ్మ చేతుల వైపు చూశాడు. గోళ్లల్లో ఎర్రమట్టి ఉంది. ఆమె చేతులు కొంగు కింద దాచుకుంది. అతను లేచి కాలువ అవతలికి దూకి, ఆముదం మొక్కల మొదళ్లు చూసుకుంటూ పోయాడు.

"ఇగ ఉన్న సాచ్చెం గొంగడే" అన్నాడు జమేదారు. "కట్టుండ్రి."

మస్కూరి జానయ్య సైదులు చేతులు వెనక్కి విరిచి తాడు కట్టాడు. సైదులు ఏడవలేదు, తిట్టలేదు. "అండాలూ, దొడ్లె మేక పిల్లకు నీళ్లు పెట్టలే, పెట్టు" అన్నాడు. ఎవరికేం మాట వస్తుందో ఆ వేళకు చెప్పలేం. అండాలు పిల్లను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని జమేదారు ముందుకు వచ్చింది.

"సారూ, ఎన్నొద్దులకు ఇడిసిపెడ్తరు?"

"అది నా చేతుల ఉన్నదా? కోర్టు చెప్పాలె."

"ఏడ ఉంచుతరు సారూ? వచ్చి సూడొచ్చా? నాకు దోవ తెల్వది. ఎవర్నడిగితే చెప్తరు?"

గుర్వమ్మ చెవుల్లో ఆ మాటలు పడ్డాయి. అవి తన మాటలే. వెంట పోయినవాళ్లను అడిగింది, భువనగిరిలో కచ్చీరు ముందు నిలబడి అడిగింది, స్టేషన్లో టికెట్లిచ్చే ఆయనను కూడా అడిగింది. అట్లా అడిగి అడిగి నోరు పోయింది, జవాబు రాలేదు. అండాలుకు ఇంకా నోరు ఉంది. ఆ నోరు ఎప్పటికి పడిపోతుందో గుర్వమ్మకు తెలుసు.

నోరు తెరిస్తే బీరన్న దొంగ అవుతాడు, ఖూనీకోరు అవుతాడు. పదేళ్లు ఏ దేవుణ్ణి అడిగినా బతికుంటే చాలని అడిగింది. బతికున్నాడని తెలిసిన రోజే తన చేత్తో పట్టించాలా? తెరవకపోతే ఈ పిల్ల రేపటి నుంచి గడప మీద కూర్చుంటుంది. అడకత్తెరలో పోకచెక్కలా ఆమె ప్రాణం నలిగింది. సైదులును బండి దగ్గరికి నడిపిస్తున్నారు. అండాలు వెనకాలే పోతోంది. చంకలో పిల్ల అయ్య వైపు చేతులు చాపింది.

"ఆగుండ్రి" అంది గుర్వమ్మ.

ఆ గొంతు ఎవరిదో అని అందరూ తిరిగి చూశారు.

"వాన కాదు సారూ. నేనే తీసిన. ఆ అడుగు సైదులుది కాదు."

జమేదారు దగ్గరికి వచ్చాడు. "ఏమన్నవు?"

"ఎడమకాలు. బొటనవేలు పక్కన వేలు లేదు. నేను గంప ఎత్తి సూసిన. మన్ను తీసిన." కొంగు ముడి విప్పి చూపించింది. ఎర్రమట్టి ముద్ద, దానికి రొట్టె తునకలు అంటుకుని ఉన్నాయి.

వేలు లేని కాలు ఎవరిదో ఆ ఊళ్లో తెలియనిది ఎవరికి? సోమమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పటేలు నేల చూపులు చూశాడు.

"ఎవనిదది? చెప్పు."

"మా ఇంటాయనది" అంది గుర్వమ్మ. "బీరన్నది."

"యాడున్నడు?"

"అదే నేను పదేండ్ల సంది అడుగుతున్న సారూ."

జమేదారుకు కోపం రావాల్సింది, వచ్చింది కూడా. సాక్ష్యం చెడగొట్టినందుకు కేసు పెడతానన్నాడు, జైలుకు పంపుతానన్నాడు. ఎందుకు తీశావని అడిగాడు. పటేలే అడుగుమన్ను సంగతి, నిట్టాడికి కట్టే సంగతి చెప్పాడు.

"ఎవడన్న వింటే నవ్వుతడు" అన్నాడు జమేదారు. "మొగడు బతికున్నడని చెప్పే ఒక్క గుర్తు, దాన్ని మొగడు రావాలెనని తీసి పారేసినవా అమ్మా?"

ఆ మాట దాకా గుర్వమ్మకు ఆ సంగతి తోచనేలేదు.

అంతలో ఆముదం చేనులోంచి అనంతయ్య కేక వేశాడు. "సార్! ఇగో, కుడికాలు!"

కాలువ దాటిన మనిషి రెండో అడుగు అవతల ఎక్కడో వేసి ఉండాలని అతను వెతుకుతూ పోయాడు. రాలిన ఆముదపు ఆకు ఒకటి ఎత్తితే దాని కింద దొరికింది. జనం ఎగబడబోతే జమేదారు లాఠీ చాపి ఆపాడు. అనంతయ్య రేకు పెట్టె తెచ్చి విప్పాడు. అడుగు చుట్టూ రేకు పట్టీ కంచెలా నిలబెట్టాడు. డబ్బాలోంచి తెల్లపిండి తీసి కాలువ నీళ్లతో గిన్నెలో కలిపాడు.

"పిండి కలుపుతుండు. పూరీలు చేస్తడా ఏంది?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నువ్వు తింటనంటే చేస్త" అన్నాడు అనంతయ్య తల ఎత్తకుండా. "కడుపుల రాయై కూసుంటది."

పలుచని పిండి మెల్లగా అడుగులోకి జారవిడిచాడు. నడుమ రెండు ఆముదం పుల్లలు అడ్డంగా పెట్టి పైన ఇంకొంత పోశాడు. అది గట్టిపడేదాకా అందరూ నిలబడ్డారు. సైదులు తాడుతోనే నిలబడ్డాడు. పోతున్న పొద్దు ఆముదం ఆకుల మీద ఎర్రగా ఉంది. చివరికి అనంతయ్య చుట్టూ మట్టి తవ్వి, రెండు చేతులతో దాన్ని పైకెత్తి, తిరగేసి మట్టి దులిపాడు. భూమిలోంచి తెల్లటి పాదం ఒకటి బయటికి వచ్చింది. మడమ, వంపు, ఐదు వేళ్లు, అచ్చం మనిషి పాదమే.

సైదులును తడి మట్టిలో కుడికాలు వేయమన్నారు. వేశాడు. అది వెడల్పాటి చదును పాదం, వేళ్లు విడివిడిగా విసనకర్రలా ఉన్నాయి. తెల్లపాదం సన్నగా, నిడుపుగా ఉంది. కొలత కూడా అక్కర్లేకపోయింది, అయినా అనంతయ్య కొలిచాడు. జమేదారు కొంతసేపు గడ్డం గోక్కుని, "ఇప్పు. పిలిచినప్పుడు మాత్రం ఠాణాకు రావాలె. ఊరు దాటినవంటే మళ్ల కడ్త" అన్నాడు. జానయ్య తాడు విప్పాడు. అండాలు మొగుణ్ణి ముట్టుకోలేదు, అంతమందిలో సిగ్గు. పిల్లను మాత్రం అతని చేతుల్లో పెట్టేసి, ఖాళీ అయిన చేతుల్ని ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది.

"ఇగ నువ్వు చెప్పు" అన్నాడు జమేదారు గుర్వమ్మతో. "నువ్వు సూసిన అడుగు లేదు. వేలు లేదంటున్నవు. మట్టి సరిగ పడకపోయినా వేలు కనబడదు, గులకరాయి అడ్డమున్నా కనబడదు. నీ మాట మీద వేలు లేనోళ్లను ఎంతమందిని పట్టుకొస్త? గీ కాలు చూడు. మంచిగ చూడు. నీ మొగనిదేనా?"

అనంతయ్య దాన్ని చాటలో పెట్టి ఆమె ముందుకు తెచ్చాడు.

గుర్వమ్మ వంగి చూసింది. ఆయన నడక గుర్తుంది. గొంగడి ఏ భుజాన వేసేవాడో గుర్తుంది. దగ్గు గుర్తుంది, గొర్రెల్ని పిలిచే కూత గుర్తుంది. ఎడమకాలు గోరుతో సహా గుర్తుంది. కుడికాలు? ఒళ్లో పెట్టుకున్నది ఎడమకాలే. మసి అద్దింది దానికే. కుడికాలు పక్కనే ఉండేది కదా, చాప మీద, అదే ఒడి పక్కన. నొప్పి లేని కాలును ఎవరు చూస్తారు? ఆమె కళ్లు మూసుకుని వెతికింది. వేళ్లు పొడుగా, పొట్టా? మడమ పగిలి ఉండేదా? ఏదో ఒక కాలు కంటి ముందుకు వచ్చింది, కానీ అది ఇప్పుడు చూస్తున్న తెల్లకాలే.

"పదేండ్లకు ముందు గూడ కాపురం చేసినవు గద. కుడికాలు తెల్వదా?" అన్నాడు జమేదారు.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"తెల్వది సారూ" అంది గుర్వమ్మ. "అవునంటే ఏమైతదో, కాదంటే ఏమైతదో అని కాదు. నిజంగనే తెల్వది. నాకు యాదికి వస్తలేదు."

జమేదారు ఆమె ముఖంలోకి చూసి ఇంక అడగలేదు. కేసు మాట కూడా ఎత్తలేదు. "ఆ మన్ను తీస్కో" అన్నాడు అనంతయ్యతో. అనంతయ్య కాగితం చాపాడు. గుర్వమ్మ కొంగు దులిపింది. అతను కాగితం మడిచి, లక్క కరిగించి సీలు వేసి, పొట్లాన్ని మిగతా పొట్లాల పక్కన పెట్టాడు. భిక్షపతి శవాన్ని ఆలేరు దవాఖానకు పంపడానికి బండిలోకి ఎక్కిస్తున్నారు. జనం అటు పోయారు. కాలువ దగ్గర గుర్వమ్మ, అనంతయ్య, ఆ పాదం మిగిలారు. అతను పెట్టెలో గడ్డి పరుస్తున్నాడు.

"ముట్టొచ్చా బిడ్డా?"

అతను చుట్టూ చూశాడు. "పైపక్క ముట్టు. కిందిపక్క వేళ్ల దిక్కు ముట్టద్దు."

ఆమె అరచెయ్యి ఆనించి ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంది. మళ్లీ ఆనించింది.

"వేడిగున్నది!"

"అది ఆ పిండి గుణమమ్మా. గట్టిపడేటప్పుడు దానంతట అదే వేడెక్కుతది. జరసేపైతే సల్లారుతది."

"ఎంతసేపు?"

"బండి కట్టేలోపల సల్లారుతది."

గుర్వమ్మ బండమీద కూర్చుని చాటను ఒళ్లో పెట్టుకుంది. రెండు చేతులూ దానిమీద కప్పింది, చలిలో నుంచి వచ్చిన మనిషి కాలు పట్టుకున్నట్టు. అది ఎవరిదో ఆమెకు తెలియదు. అనంతయ్య గడ్డి పరిచి, పెట్టె తెరిచి పెట్టుకుని, తొందర చేయకుండా నిలబడ్డాడు. బీట్లో ఎద్దుల్ని కాడికి కడుతున్నారు.

"అమ్మా, ఇగ ఇయ్యి."

"ఇస్త బిడ్డా. ఇంక వెచ్చగనే ఉన్నది."